ప్రశ్న వెనక్కి వచ్చే దారి

కొల్లేటి లంకల్లో చేపల చెరువుకు కాపలా ఉండే మనిషికి ప్రశ్న పుట్టేది తెల్లవారుజామున. రాత్రంతా నీటిలోని నాచు, చేపలు, అడుగున కుళ్లుతున్న మేత కలిసి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. ఎండ తగిలి నాచు మళ్లీ ఆక్సిజన్ విడిచేదాకా దాని మట్టం తగ్గుతూనే పోతుంది. అందుకే సూర్యోదయానికి ముందు గంటా రెండు గంటలు చెరువుకి అన్నిటికంటే గడ్డుకాలం. రెండు రోజులు ముసురు పట్టి ఎండ మొహం కనిపించకపోతే మరీను. శీలావతులు, బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. ఏరియేటర్లు తిప్పాలా? కొత్త నీరు పెట్టాలా? మేత ఎన్ని పూటలు ఆపాలి? సున్నం ఇప్పుడు చల్లవచ్చా? ఆ మనిషికి శిక్షణ జరగకపోలేదు. నెల కిందట పగలు పదకొండు గంటలకు, ఫ్యాన్ల కింద కుర్చీల్లో జరిగింది. చెప్పినాయన విషయం తెలిసినవాడే, చెప్పిందంతా సరైనదే. కాకపోతే ఆ పూట వినేవాడి దగ్గర ప్రశ్న లేదు. ఇప్పుడు ప్రశ్న ఉంది, చెప్పేవాడు లేడు.

ఆన్‌లైన్ శిక్షణ తయారు చేయడానికి ఇవాళ మన చేతికి వచ్చిన సాధనాల్లో చాలావాటి వెనక ఈ ఎడం ఉంది. పాఠాన్ని దూరం పంపడం అంత కష్టం కాలేదు. రేడియో ఆ పని ఎప్పుడో చేసిపెట్టింది. నేర్చుకునేవాడి మాట వెనక్కి రావడానికే చాలాకాలం దారి దొరకలేదు. ఆ దారి వేసినవాళ్ల కథ ఇది. ఇందులో ఆస్ట్రేలియా ఎడారి ఉంది, వరంగల్ పత్తి చేలున్నాయి, మన నూజివీడు ఉంది.

మన వైపు రేడియో అంటే ఆకాశవాణి విజయవాడ కేంద్రమే. 1948 డిసెంబరు 1న మొదలైంది. సేద్యం సంగతులు చెప్పే కార్యక్రమాలకు రైతులు ఉత్తరాలు రాయడం, వాటికి జవాబులు రేడియోలో రావడం ఒక తరమంతా ఎరిగినదే. ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేసరికి పురుగు తినాల్సింది తినేసేది. అది వేరే సంగతి. కానీ వినేవాడికీ ఒక గొంతు ఉందని ఒప్పుకున్న ఏర్పాటు అది. దీన్ని పద్ధతి ప్రకారం పరీక్షించి చూసింది మాత్రం పుణె చుట్టుపక్కల. 1956లో యునెస్కో సాయంతో 150కి కాస్త తక్కువ పల్లెల్లో రేడియో గ్రామ బృందాలు పెట్టారు. వారానికి రెండు పూటలు బృందం కూర్చుని వినాలి, విన్నదాని మీద చర్చించాలి, వచ్చిన సందేహాలు తిరిగి రేడియోకి రాయాలి. చర్చ జరిగిన పల్లెల్లో జనానికి విషయం బాగా ఎక్కిందని, ఊరికే విన్నచోట అంతగా ఎక్కలేదని ఆ ప్రయోగం తేల్చింది. ఇవాళ వీడియో పాఠం తీసి పంపించేసి చేతులు దులుపుకునే సంస్థలన్నీ ఒకసారి ఆ పుణె నివేదిక తిరగెయ్యాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అంతకు అయిదేళ్ల ముందే ఆస్ట్రేలియాలో మరొకటి జరిగింది. నడిమి ఎడారిలో పశువుల మందలు మేపుకునే కుటుంబాలు ఒకదానికొకటి వందల కిలోమీటర్ల దూరంలో ఉండేవి. జబ్బు చేస్తే డాక్టరు విమానంలో రావాలి, విమానాన్ని పిలవాలంటే రేడియో కావాలి, కరెంటేమో లేదు. ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజినీరు 1920ల చివర్లో కాళ్లతో తొక్కితే కరెంటు పుట్టే రేడియో చేశాడు. వినడమే కాదు, దాంట్లో మాట్లాడవచ్చు కూడా. ఆ ఇళ్లలో పిల్లలు బెరుకు లేకుండా ఆ రేడియోలో మాట్లాడుతుండటం అడిలెయిడ్ మీత్కీ అనే ఉపాధ్యాయురాలు గమనించింది. డాక్టరుని పిలిచే రేడియో పంతుల్ని ఎందుకు పిలవకూడదు అనుకుంది. 1951 జూన్ 8న ఆలిస్ స్ప్రింగ్స్ ఊళ్లో గాలి బడి మొదలైంది. తొలి పాఠాలు ఒకవైపు ప్రసారాలే. త్వరలోనే పాఠం చివర ప్రశ్నలకూ జవాబులకూ సమయం చేర్చారు. వందల మైళ్ల అవతల నుంచి ఒక పిల్లవాడు తన గొంతుతో పంతులమ్మని అడగడం, ఆవిడ అక్కడికక్కడే చెప్పడం! యంత్రం కొత్తది కాదు. దాన్ని బడికి మళ్లించిన ఆలోచన కొత్తది. ఇలాంటి గాలి బడిలోనే చదువుకున్న ఒక కుర్రాడు ఈ కథలో తరవాత వస్తాడు.

అమెరికాలో దారి వేరు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ 1960లో ప్లేటో అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థ మొదలుపెట్టాడు. కంప్యూటర్ ప్రశ్న అడుగుతుంది, విద్యార్థి జవాబు కొడతాడు, తప్పయితే ఎక్కడ తప్పిందో వెంటనే చెబుతుంది. మనిషి ఓపిక నశించే చోట యంత్రం ఓపిక పట్టగలదు. ఆ వ్యవస్థ కోసం బిట్జర్ బృందం 1964లో ప్లాస్మా తెర కనిపెట్టింది. 1972 నాటి ప్లేటో తెర మీద వేలితో తాకి జవాబు చెప్పే వీలు కూడా ఉండేది. వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది 1967లో పాల్ టెంజర్ రాసిన ట్యూటర్ భాష. అప్పటిదాకా కంప్యూటర్ పాఠం రాయాలంటే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కావాలి. ట్యూటర్ వచ్చాక జీవశాస్త్రం పంతులు తన పాఠం తానే రాసుకోగలిగాడు. పాఠం చెప్పే మనిషికీ పాఠం తయారయ్యే యంత్రానికీ మధ్య దళారీ అక్కర్లేకుండా పోయిన తొలి సందర్భాల్లో అదొకటి.

మన దేశం అంత ఖరీదైన యంత్రాల జోలికి పోలేని రోజులవి. మనం ఆకాశం వైపు చూశాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ని ఏడాది అరువు తెచ్చుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. సైట్ అనే ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒక రాష్ట్రం. తెలుగు పల్లె ఉపగ్రహం ద్వారా తెలుగు కార్యక్రమం చూసిన మొదటి రోజులవే. అందులో జనం అంతగా తలుచుకోని ఒక భాగం ఉంది. ఆ ఏడాదిలో రెండు విడతలుగా దాదాపు 50,000 మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ పాఠం, రేడియో పాఠం, చేతిపుస్తకం, చేసి చూసే ప్రయోగాలు అన్నీ కలిపి ఇచ్చారు. టీవీ ఒక్కటే చాలదని 1975లోనే మనవాళ్లకి తెలుసన్నమాట. ఉపగ్రహం నుంచి బొమ్మ కిందికి దిగేది, పల్లె మాట మాత్రం పైకి పోయేది కాదు.

నేర్చుకునేవాడి మాటకి చోటిచ్చే పని కాయితం మీద చేసినవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో ఇదే మొదటిది. ఢిల్లీలో ఇగ్నో రావడానికి ఇంకా మూడేళ్లుంది. మన విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారినే ఇగ్నోకీ తొలి ఉపకులపతిగా తీసుకెళ్లారు. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ గుమ్మం తొక్కనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు అన్నదే అప్పట్లో పెద్ద సంచలనం. నా దృష్టిలో దాని అసలు ఆవిష్కరణ పాఠ్యపుస్తకం రాసిన తీరు. ఎదురుగా పంతులు లేడు కాబట్టి పుస్తకమే పంతులు కావాలి. అందుకని ప్రతి పాఠం మొదట్లో ఏం నేర్చుకోబోతున్నావో చెబుతారు, మధ్యలో ఆగి ఒక ప్రశ్న వేస్తారు, పక్కన ఖాళీ వదులుతారు, చివర సరిచూసుకోవడానికి జవాబు ఇస్తారు. సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రంలో సందేహాలు తీర్చుకోవచ్చు. ఇవాళ ఆన్‌లైన్ కోర్సులో వీడియో ఆగి ప్రశ్న అడిగితే అది కొత్త మాయ అనుకుంటాం. కిరాణా కొట్టు నడుపుకుంటూ, బస్సు కండక్టరు పని చేసుకుంటూ డిగ్రీ చదివిన వాళ్లకి ఆ మాయ తెలుగు కాయితం మీద ఏనాడో తెలుసు.

ఉపగ్రహానికి గొంతు కలపడం 1995లో జరిగింది. ఇస్రో ఆ ఏడాది శిక్షణ కోసమే ఒక చానల్ మొదలుపెట్టింది. బొమ్మ ఒకవైపే వస్తుంది, మాట మాత్రం రెండువైపులా నడుస్తుంది. శిక్షణ కేంద్రంలో కూర్చున్నవాళ్లు ఎస్టీడీ ఫోను చేసి స్టూడియోలో ఉన్న నిపుణుణ్ని అడిగేవారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరాక బొమ్మ కూడా రెండువైపులా తిరిగే వీలు వచ్చింది. మన రాష్ట్రంలో ‘మన టీవీ’ అనే చానల్ బడులకూ ఆఫీసులకూ పాఠాలు పంపింది. అయితే ఈ ఏర్పాటు అంతటికీ ఒక కట్టుబాటు ఉంది. ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా గదిలో అందరూ ఉండాలి. చెరువు గట్టు వదిలి రాలేనివాడికి అది అందదు.

ఈ కట్టుబాటు తెంచినవాడు ఆ గాలి బడి కుర్రాడు. మార్టిన్ డగియమాస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగాడు, షార్ట్‌వేవ్ రేడియోలో పాఠాలు విన్నాడు. పెద్దయ్యాక పెర్త్ నగరంలో కర్టిన్ విశ్వవిద్యాలయంలో అప్పటి ఆన్‌లైన్ బోధనా వ్యవస్థను చూసుకునే ఉద్యోగం చేశాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక కంపెనీ సొత్తు. పంతులు ఒకలా చెప్పాలనుకుంటే అది మరోలా చెప్పించేది, విప్పి మార్చుకునే వీల్లేదు. అతను 1999 నుంచి తన వ్యవస్థ తాను రాసుకోవడం మొదలుపెట్టి 2002 ఆగస్టు 20న మూడుల్ తొలి పూర్తి రూపాన్ని విడుదల చేశాడు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఆ ముందురోజే, ఆగస్టు 19న, మన కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. అయినా ఏలూరులో కూర్చుని రాస్తున్నవాడికి ఆ రెండు తేదీలు పక్కపక్కన కనబడితే ఊరుకోబుద్ధి కాదు.

మూడుల్‌లో ముఖ్యమైనది పాఠం దాచే అర కాదు. నేర్చుకునేవాడు అడిగితే తోటివాడు చెప్పడం, అందరూ కలిసి ఒక పదకోశం తయారు చేసుకోవడం, ఒకరి పని ఇంకొకరు దిద్దడం. వీటి కోసం వేరువేరు గదులు కట్టి పెట్టాడు డగియమాస్. మనుషులు ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకుంటారన్నది అతను పరిశోధన చేసిన సిద్ధాంతం. ఒంటరి ఎడారిలో రేడియో గొంతుల కోసం ఎదురుచూసిన పిల్లవాడు ఆ సిద్ధాంతానికి చేరుకోవడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. మూడుల్‌కి మరో రెండు తోడయ్యాయి. ఒకచోట తయారైన పాఠం ఇంకో వ్యవస్థలోకి ఎక్కేలా చూసే స్కార్మ్ ప్రమాణం అమెరికాలో 2000లో వచ్చింది. పాఠాన్ని నలుగురూ వాడుకుని మార్చుకునేందుకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి. ఈ మూడూ రెండు మూడేళ్ల వ్యవధిలో కలిశాయి. చిన్న సంస్థ కూడా సొంతంగా ఆన్‌లైన్ శిక్షణ నడపగలిగే కాలం అప్పటినుంచే లెక్క.

ఇక వరంగల్. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. 2004 ఖరీఫ్‌లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆచార్యులు పి. కృష్ణారెడ్డి గారి బృందం ఈ-సాగు అనే పని మొదలుపెట్టింది. అంతకుముందు ఏడేళ్లుగా పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు వస్తూనే ఉన్నాయి. పల్లెకి వ్యవసాయాధికారి రాలేడు, రైతు పరిశోధన కేంద్రానికి పోలేడు. రైతుకి ప్రశ్న అడిగే అవకాశం ఇస్తే చాలదా? చాలదని ఆ బృందం గ్రహించింది. ఆకు అడుగున గుడ్లున్నాయని రైతు చూడకపోతే ఏమని అడుగుతాడు? తెగులు ముదిరి కంటికి కనబడ్డాక అడిగితే చెప్పేదేముంది? అందుకని ప్రశ్న కోసం ఆగకుండా పొలాన్నే నిపుణుడి దగ్గరికి పంపారు. ఊరుగొండ చుట్టుపక్కల మూడు గ్రామాల్లో 1,051 పత్తి చేలు తీసుకున్నారు. చదువుకున్న స్థానిక కుర్రాళ్లు వారానికోసారి ప్రతి చేనుకీ వెళ్లి డిజిటల్ కెమెరాతో ఆకులు, కాయలు, పురుగులు ఫొటోలు తీసేవారు. అన్ని ఫొటోలు పంపగల ఇంటర్నెట్ ఆ పల్లెల్లో లేదు. సీడీలకెక్కించి కొరియర్‌లో హైదరాబాదు పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు ఆ చేను పాత ఫొటోలూ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని చూసి సలహా రాసేవారు. అక్షరాలకి పెద్ద దారి అక్కర్లేదు కాబట్టి సలహా మాత్రం ఇంటర్నెట్‌లోనే తిరిగి వచ్చేది. ఒకటి రెండు రోజుల్లో రైతు చేతికి అందేది. బరువైనది బస్సెక్కి వెళ్లింది, తేలికైనది తీగ మీద వచ్చింది. ఉన్న వసతికి తగ్గట్టు పనిని రెండుగా చీల్చిన ఆ తెలివికి నేను చేతులెత్తి మొక్కుతాను. తరవాత తరవాత ఇదే పద్ధతిని చేపల చెరువుల మీద కూడా ప్రయత్నించారు.

అదే ఏడాదుల్లో బెంగళూరులో రికిన్ గాంధీ బృందం 2006లో మొదలుపెట్టిన డిజిటల్ గ్రీన్ పని మరో వైపు నుంచి వచ్చింది. అది తరవాత మన రాష్ట్రానికీ చేరింది. వాళ్లు వీడియో తీసింది శాస్త్రవేత్తని కాదు, అదే ప్రాంతపు రైతుని. ఆ వీడియోని చిన్న ప్రొజెక్టరుతో ఊళ్లో పది ఇరవై మందికి చూపిస్తూ మధ్యమధ్య ఆపుతారు. ఎవరేం అడిగారో, ఎవరు చేసి చూస్తామన్నారో రాసుకుంటారు. ఆ రాతలను బట్టి తరవాతి వీడియో తయారవుతుంది. పుణె రేడియో బృందాలకి ఇది మనవరాలు. మన కొల్లేటి వైపు ఈ పద్ధతి ఎందుకు నప్పుతుందంటే, ఇక్కడ రైతు ఊరికే నేర్చుకునేవాడు కాదు. తవుడు నింపిన సంచులకు చిల్లులు పొడిచి, కర్రలకు కట్టి చెరువులో వేలాడదీసి, చేపలే వచ్చి పీల్చుకునేలా చేసే మేత పద్ధతి ఆంధ్ర చేపల రైతులు వాడుకలోకి తెచ్చిందే. శాస్త్రవేత్తలు దాన్ని వచ్చి చూసి రాసుకున్నారు. ఇలాంటి చోట పాఠం ఒకవైపే ప్రవహిస్తే నష్టపోయేది చెప్పేవాడు కూడా.

సాఫ్ట్‌వేర్ నేర్పే పాఠం విషయంలో ముంబయి ఐఐటీ ఆచార్యులు కన్నన్ మౌద్గల్య గారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు నా లెక్కలో అందరికన్నా ముందుంటుంది. దానికి డబ్బు ఇచ్చిన కేంద్ర విద్యా మిషన్ 2009 ఫిబ్రవరి 3న మన తిరుపతిలోనే మొదలైంది. ఒక్కో పాఠం పది నిమిషాలు. తెర మీద ఏం కనబడాలో ఒక వరసలో, ఏం మాట్లాడాలో పక్క వరసలో ముందు రాత తయారవుతుంది. రాత అయ్యాక రికార్డింగుకి పోరు. ఆ విషయం బొత్తిగా తెలియని మనిషిని కూర్చోబెట్టి, రాత చదువుకుంటూ ఆ పని తానే చేసి చూడమంటారు. అతను ఎక్కడ ఆగిపోతే అక్కడ రాత మారుతుంది. తరవాతే మైకు. నేర్చుకునేవాడు తెరలో సగం వీడియో, సగం అసలు సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చూస్తూ చేస్తాడు. తెర బొమ్మ అలాగే ఉంచి మాట ఒక్కటే భారతీయ భాషల్లోకి మారుస్తారు. తెలుగులో వందల పాఠాలు అలా వచ్చాయి. ఇంటర్నెట్ లేని కాలేజీకి మొత్తం డిస్కులో ఇచ్చేవారు. ఖరీదైన స్టూడియో ఎక్కడా లేదు. గొంతు శుభ్రం చేయడానికి వాడింది ఉచితంగా దొరికే ఆడాసిటీ.

ఆ ఆడాసిటీ 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. నూజివీడు దారి కూడా అక్కడినుంచే ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేసి, కార్నెగీ మెలన్‌లో కంప్యూటర్‌కి మనిషి మాట వినడం నేర్పి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్‌రెడ్డి గారు 2008లో ఏర్పడ్డ రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి. అప్పట్లో దాని క్యాంపసులు నూజివీడు, బాసర, ఇడుపులపాయ. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలకి సీటు, ప్రభుత్వ బడి పిల్లలకి కాస్త అదనపు మొగ్గు, ఆరేళ్ల చదువు. ఒక్కసారిగా వేలమంది పిల్లలు వస్తున్నారు, అంతమందికి చాలినంతమంది పెద్ద పంతుళ్లు ఎక్కడ దొరుకుతారు? ప్రతి పిల్లవాడికీ లాప్‌టాప్ ఇచ్చి, పాఠం అందులో పెట్టి, పక్కన సందేహాలు తీర్చే యువ ఉపాధ్యాయుల్ని ఉంచారు. నాట్లు వేసే ఇంటి నుంచి వచ్చిన పిల్ల, అంతకుముందు కంప్యూటర్ ముట్టుకోని పిల్ల, అర్థం కాని చోట పాఠాన్ని తనే వెనక్కి తిప్పుకుని విన్నది. తరగతి గదిలో మళ్లీ చెప్పండి సార్ అని అడగడానికి నోరు రాని పిల్లలకి అది ఎంత గౌరవమో! 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు నూజివీడు, కైకలూరు రెండూ ఇందులో కలిశాయి. అంటే కొల్లేటిలో ఎక్కువ భాగమూ ఈ విద్యాలయం నూజివీడు క్యాంపసూ ఇప్పుడు ఒకే జిల్లావి.

ఆ తరవాతి సాధనాలు వేగంగా వచ్చాయి. 2012లో తెర రికార్డు చేసే ఓబీఎస్ వచ్చింది. అదే ఏడాది చివర ఖాన్ అకాడమీ పాఠాలను ఇంటర్నెట్ లేనిచోటికి మోసుకెళ్లే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది, అదే ఎదిగి కొలిబ్రి అయింది. 2013లో నార్వే ఉత్తర కొసన ట్రోమ్సోలో, పాఠంలో ప్రశ్నలు పొదిగే హెచ్5పీ పుట్టింది. 2017లో జూలై 9న స్వయం, సెప్టెంబరు 5న దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదికలు మొదలయ్యాయి. మన బడి పుస్తకాల్లో చదరపు కోడ్ ముద్రలు దీక్ష పుణ్యమే. 2020లో బడులు మూతపడ్డప్పుడు, 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన నిట్ విద్యార్థులు దేశం నలుమూలలా ఇళ్లలో కూర్చుని పాఠాలు విన్నారు. ఫోను లేని బడిపిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరి మళ్లీ టీవీ పాఠాలు వేసింది. పాఠం చేరింది. పిల్లవాడి ప్రశ్న మాత్రం 1975లో లాగే ఇంట్లోనే ఉండిపోయింది. అన్ని సాధనాలు చేతిలో ఉండి కూడా అలా జరగడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సరే, కొల్లేటి చెరువుల మీద ఒక శిక్షణ తయారు చేయాలంటే ఇవాళ ఏం కావాలి? పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక మంచి ఫోను, గట్టు మీద గాలి హోరు అడ్డుకునే నురుగు తొడుగున్న కాలరు మైకు, ఆడాసిటీ, ఓబీఎస్. వీడియోని మధ్యలో ఆపి, ఈ చేప ఒంటి మీద కనబడేది పేనా, పుండా అని అడిగి, తాకిన జవాబుని బట్టి ముందుకి నడిపించాలంటే హెచ్5పీ. దాన్ని మోయడానికి మూడుల్, అది కూడా ఫోను యాప్‌లో, సిగ్నల్ ఉన్నచోట దించుకుని లేనిచోట చూసుకునేలా. సిగ్నల్ అసలే ఆడని లంకలో కొలిబ్రి పెట్టిన చిన్న కంప్యూటర్ ఒకటి సొసైటీ గదిలో ఉంటే, చుట్టూ ఉన్న ఫోన్లన్నీ వైఫైలో దాని నుంచి పాఠాలు తీసుకుంటాయి. ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు, స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్నాయి కాబట్టి పేరు చెప్పి వాడుకోవచ్చు, తెలుగు చేసుకోవచ్చు. ఫొటో తీసి పంపడానికి ఇప్పుడు సీడీ అక్కర్లేదు, కొరియర్ అక్కర్లేదు. అందరి చేతుల్లో వాట్సాప్ ఉంది. ఈ-సాగు పడ్డ కష్టంలో నూరో వంతు కూడా మనం పడనక్కర్లేదు.

కష్టమంతా వేరేచోట ఉంది. రైతు రాయడు, మాట్లాడతాడు. ప్రశ్న గొంతులోనే వస్తుంది. చెరువు యాస, మోటారు చప్పుడు, సగం తెలుగు, సగం మందుల కంపెనీ పేర్లు అన్నీ అందులో ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో మొదలుపెట్టిన భాషిణి, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ కంప్యూటర్‌కి తెలుగు మాట వినడం నేర్పుతున్నాయి. రాజ్‌రెడ్డి గారు 1960ల్లో పట్టుకున్న పని మన లంకల దాకా వచ్చి నిలబడింది. అయితే యంత్రం వినాలంటే ఈ గొంతులు దానికి ముందుగా వినిపించాలి. రైతులు ఒప్పుకుని ఇచ్చిన ప్రశ్నలను, పేర్లు తీసేసి, జవాబులతో సహా ఒకచోట చేర్చిపెట్టాలి. అది ఏ నగరంలోనో కూర్చుని చేసే పని కాదు.

తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. తాడేపల్లిగూడెంలో నిట్, నూజివీడులో జనం ట్రిపుల్ ఐటీ అని పిలిచే ఆ విద్యాలయం. పాఠం చెప్పగలవాళ్లు, సాఫ్ట్‌వేర్ నడపగలవాళ్లు, పల్లె నుంచి వచ్చి పల్లె మాట తెలిసిన పిల్లలు, అందరూ పూట ప్రయాణంలో ఉన్నారు. వీళ్లంతా కలిసి ఒక చిన్న పాఠం మీద కూర్చోవాలని నా కోరిక. పది నిమిషాలది చాలు. ముసురు పట్టిన వారంలో చెరువుని ఎలా చూసుకోవాలన్నది విషయం. రాత అయ్యాక, మైకు పట్టుకోక ముందు, ఆటపాకలోనో ఆకివీడు వైపో ఈ ఏడే చెరువు పనిలో చేరిన కుర్రాణ్ని పిలిచి, ఆ రాత చదివి వినిపించి, ఏరియేటరు దగ్గర నిలబెట్టి చేసి చూపించమనాలి. అతను ఎక్కడ ఆగిపోయాడో పక్క వరసలో రాసుకోవాలి.